మూడు వాక్యాల పనితనం

ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌లో స్క్రోల్‌వ్యూ అనే ఫైలు ఒకటి ఉంది. వేలితో పైకీ కిందికీ జరుపుకునే పొడవాటి తెరల్ని ఏళ్ల తరబడి మోసిన ఫైలు అది. పెద్దదే. అందులో బయటివాళ్లెవరూ పిలవడానికి వీల్లేని ఒక చిన్న ఫంక్షన్ ఉంది. పేరు ఇజ్‌వ్యూడిసెండెంట్‌ఆఫ్. ఒక వ్యూ మరో వ్యూ లోపల ఉందా లేదా చెప్పడమే దాని పని. లోపల ఉన్నవి మూడే వాక్యాలు. మొబైల్ యాప్ పని నేర్చుకుంటున్నవాళ్లకు ఒక్క ఫంక్షన్ చదివించమంటే నేను దీన్నే చదివిస్తాను.

విశాఖపట్నంలో పనితనం అనగానే కంటికి ఆనేవే ముందు గుర్తొస్తాయి. 1948లో సింధియా యార్డు నుంచి నీళ్లలోకి దిగిన జలఉష ఓడ, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, డాల్ఫిన్ నోస్ పక్కనుంచి ఇరుకు కాలువలో నెమ్మదిగా లోపలికి వచ్చే ఓడలు. ఈ ఊళ్లో ఇప్పుడు మధురవాడలోనూ రుషికొండ ఐటీ కొండల మీదా కూర్చుని కోడ్ రాసేవాళ్లు కూడా వేలల్లో ఉన్నారు. వాళ్ల పని తెర వెనకే ఉండిపోతుంది. దాన్ని మెచ్చుకోవాలన్నా, తప్పు పట్టాలన్నా దగ్గరికెళ్లి చదవాల్సిందే.

ముందు వ్యూ అంటే ఏమిటో చూద్దాం. ఫోన్ తెర మీద కనిపించే ప్రతిదీ ఒక వ్యూ. బటన్ ఒక వ్యూ, పేరు రాసుకునే గడి ఒక వ్యూ, ఫొటో ఒక వ్యూ. కొన్ని వ్యూలు వేరే వ్యూల్ని తమలో పెట్టుకుంటాయి. వాటిని ఆండ్రాయిడ్‌లో వ్యూగ్రూప్ అంటారు. ఒకదానిలో ఒకటి, దానిలో మరొకటి, ఇలా తెర మొత్తం ఒక చెట్టులా అల్లుకుని ఉంటుంది. ఆ చెట్టే వ్యూ హైరార్కీ. అన్నిటికీ పైన ఒక విండో ఉంటుంది. యాప్ నడుస్తున్నంతసేపూ ఈ చెట్టు మారుతూనే ఉంటుంది. కొత్త కొమ్మలు వస్తాయి, పాతవి పోతాయి. అందుకే ఏదైనా పని చేసే ముందు "ఇది ఇప్పటికీ చెట్టులో ఉందా?" అని అడగాల్సి వస్తుంది.

స్క్రోల్‌వ్యూకి ఆ ప్రశ్న ఎప్పుడొస్తుందో ఒక ఉదాహరణతో చెప్తాను. కంచరపాలెం ఐటీఐలో చదువుకున్న కుర్రాడొకడు ఫోన్‌లో అప్రెంటిస్‌షిప్ దరఖాస్తు నింపుతున్నాడనుకుందాం. ఫారం పొడవైనది. ఒక గడి నింపి తర్వాతి గడికి వెళ్లినప్పుడల్లా ఆ గడి కంటికి కనిపించేలా తెర దానంతటదే జరగాలి. ఆ జరిపే బాధ్యత స్క్రోల్‌వ్యూది. ఒక గడికి ఫోకస్ రాగానే దానికి కబురు అందుతుంది. తెర అమరిక స్థిరంగా ఉంటే వెంటనే ఆ గడి దగ్గరికి జరుపుతుంది. అమరిక అప్పుడే మారుతూ ఉంటే మాత్రం జరపదు. ఏ గడి ఎక్కడ కూర్చుంటుందో ఇంకా తేలలేదు కాబట్టి కొలతలు తప్పుతాయి. అందుకని "తర్వాత ఈ గడి దగ్గరికి జరపాలి" అని ఎంచైల్డ్‌టుస్క్రోల్‌టు అనే చోట రాసిపెట్టుకుంటుంది. అమరిక పూర్తయ్యాక ఆ చీటీ తీసి చూస్తుంది.

ప్రమాదమంతా ఆ రెండు క్షణాల మధ్యే ఉంది. రాసిపెట్టుకున్నప్పుడు ఉన్న గడి, తీసి చూసేసరికి ఉండకపోవచ్చు. కుర్రాడు పైన విద్యార్హత మార్చాడు, దానితో కింద రెండు గడులు ఫారంలోంచి తీసేశారు అనుకోండి. చీటీలో ఉన్నది ఆ తీసేసిన గడే కావచ్చు. అప్పుడు దాని దగ్గరికి జరపబోతే ఏమవుతుంది? జరపాలంటే ఆ గడి కొలతల్ని స్క్రోల్‌వ్యూ కొలతల్లోకి మార్చుకోవాలి. ఆ మార్చే ఫంక్షన్ గడి నుంచి పైకి ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తుంది. పైన స్క్రోల్‌వ్యూ తగలకపోతే, ఇచ్చిన వ్యూ నా లోపలిది అయి ఉండాలి అని తప్పు చూపించి యాప్‌ని ఆపేస్తుంది. అంతసేపు నింపిన ఫారం పోతుంది. అందుకే స్క్రోల్‌వ్యూ చీటీ తీయగానే ముందు రెండు ప్రశ్నలు అడుగుతుంది: చీటీలో ఏదైనా ఉందా? ఉంటే అది ఇంకా నా లోపలే ఉందా? రెండింటికీ అవును అని వస్తేనే జరుపుతుంది. జరిపినా జరపకపోయినా చీటీని ఖాళీ చేసేస్తుంది. పాత కబురు మళ్లీ ఇంకోసారి లేవదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబిచ్చేదే మన మూడు వాక్యాల ఫంక్షన్. దానికి రెండు వ్యూలు ఇస్తాం: లోపల ఉందా అని అనుమానించేది ఒకటి, దేని లోపల అని అడుగుతున్నామో అది మరొకటి.

మొదటి వాక్యం: రెండూ ఒకటే అయితే అవును అని చెప్పి వెనక్కి వచ్చేయ్.

రెండో వాక్యం: కాకపోతే, లోపలి దాని పేరెంట్, అంటే దాన్ని నేరుగా తనలో పెట్టుకున్నది ఎవరో అడిగి తెలుసుకో.

మూడో వాక్యం: ఆ పేరెంట్ ఒక వ్యూగ్రూప్ అయితే, దాని గురించి ఇదే ప్రశ్న మళ్లీ అడుగు, కాకపోతే లేదు అని చెప్పు.

అంతే. ఇందులో మొదట గమనించాల్సింది ఎటు నడిచారన్నది. లోపల ఉందా అని అడగ్గానే ఎవరికైనా పైనుంచి కిందికి వెతకాలని తోస్తుంది. స్క్రోల్‌వ్యూ తన పిల్ల వ్యూని, దాని పిల్లలన్నీ, వాటి పిల్లలన్నీ తిరగేయడం. ఇక్కడ అలా చేయలేదు. కింద ఉన్నదాని దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కారు. విశాఖ పోర్టులో ఒక ఓడ ఈస్ట్ క్వేలో ఉందా అని తెలుసుకోవడానికి బెర్తులన్నీ తిరిగి ఒక్కో ఓడ పేరూ చదవొచ్చు. లేదా ఆ ఓడ కెప్టెన్‌నే ఎక్కడ కట్టారని అడగొచ్చు. ఓడ ఒకేసారి రెండు బెర్తుల్లో ఉండదు కాబట్టి రెండో దారిలో ఒక్క జవాబుతో పని తీరిపోతుంది. వ్యూలకూ అదే నియమం. ఒక వ్యూకి ఎన్ని పిల్లలైనా ఉండొచ్చు గానీ పేరెంట్ ఒక్కటే. కిందికి దిగితే ప్రతి అడుగులోనూ దారి చీలొచ్చు. పైకి ఎక్కితే ఎక్కడా చీలదు.

లెక్కలో చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక తెరలో 300 వ్యూలు ఉన్నాయి, చెట్టు లోతు 12 అనుకుందాం. పైనుంచి వెతికితే, ఆ వ్యూ లేదని తేల్చడానికి 300 కూడా చూడాల్సి రావొచ్చు. కిందినుంచి ఎక్కితే 12 మెట్లు దాటదు. జాబితాలో ఇంకో వెయ్యి వరుసలు చేరినా ఆ 12 పెరగదు. తెర నున్నగా కదలాలంటే సెకనుకు 60 సార్లు గీసే ఫోన్‌లో ఒక్కో ఫ్రేముకీ దొరికేది 16 మిల్లీసెకన్ల పైచిలుకు మాత్రమే. అమరిక కొలవడం, గీయడం అన్నీ ఆ లోపలే జరగాలి. అలాంటి చోట ఎటు నడవాలన్నది సరిగ్గా ఎంచుకోవడమే పెద్ద పొదుపు.

ఇక మూడో వాక్యం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పైకి ఎక్కేవాడు ఎక్కడ ఆగాలి? ఆగాల్సిన చోట్లు రెండున్నాయి. చెట్టు నుంచి తెగిపోయిన కొమ్మలో ఉంటే, ఆ కొమ్మ మొదలుకి పేరెంటే ఉండదు. జవాబు నల్, అంటే ఏమీ లేదు, అని వస్తుంది. చెట్టులోనే ఉంటే చివరికి అన్నిటికన్నా పై వ్యూ దాకా వెళ్తాం. దానికి పేరెంట్ ఉంది, కానీ అది వ్యూ కాదు. వ్యూరూట్‌ఇంప్ల్ అనే వేరే వస్తువు, విండో వ్యవస్థకూ వ్యూల చెట్టుకూ మధ్య వారధి. దాన్ని వ్యూ అనుకుని ముందుకెళ్తే యాప్ పడిపోతుంది. మామూలుగా రాసేవాళ్లు ఈ రెంటికీ రెండు వేరు వేరు పరీక్షలు పెడతారు. ఇక్కడ "పేరెంట్ వ్యూగ్రూపేనా?" అన్న ఒక్క పరీక్షతో రెండూ తేలిపోయాయి. జావాలో నల్‌ని ఫలానా రకమా అని అడిగితే కాదు అనే వస్తుంది. వ్యూరూట్‌ఇంప్ల్‌ని అడిగినా కాదు అనే వస్తుంది. రెండు గుమ్మాలకూ ఒకే గడియ వేసినట్టు కాకుండా, అసలు ఒకే గుమ్మం ఉండేలా కట్టారు.

మొదటి వాక్యమూ తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఒక వ్యూ తన లోపల తానున్నట్టేనా? ఈ ఫంక్షన్ పైన రాసిన చిన్న వ్యాఖ్య అవుననే చెప్తుంది. ఐఫోన్ వైపు ఇదే పని చేసే ఇజ్‌డిసెండెంట్ అనే పద్ధతి ఉంది. దానిదీ అదే తీర్పు. వెబ్ పేజీల చెట్టయిన డామ్‌లో ఉన్న కంటెయిన్స్‌దీ అదే తీర్పు. ఎందుకలా అంటే వాడుక చూడాలి. తెర మీద ఒక మెనూ తెరిచి ఉంది. బయట తాకితే మూసుకోవాలి, లోపల తాకితే మూసుకోకూడదు. తాకింది మెనూలోని బటన్ కావచ్చు, బటన్ మీది అక్షరాల వ్యూ కావచ్చు, బటన్ల మధ్య ఖాళీ కావచ్చు. ఖాళీని తాకితే తగిలేది మెనూ వ్యూనే. తాను తనలో లేనని జవాబొస్తే ఆ ఖాళీ మీద వేలు పడగానే మెనూ మూసుకుపోతుంది. తానూ లెక్కలోకి వస్తానంటే ఒక్క ప్రశ్నతో మూడు సందర్భాలూ సరిపోతాయి. పైగా మళ్లీ మళ్లీ పైకెక్కే పనికి ముగింపు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఎక్కుతూ ఎక్కుతూ వెతుకుతున్న పేరెంటే చేతికొచ్చినప్పుడు అవును అనేది ఈ మొదటి వాక్యమే.

ఈ ఫంక్షన్‌కి ప్రైవేట్, స్టాటిక్ అనే రెండు గుర్తులున్నాయి. ప్రైవేట్ కాబట్టి బయటివాళ్లు దీని మీద ఆధారపడరు, రేపు మార్చుకోవచ్చు. స్టాటిక్ కాబట్టి స్క్రోల్‌వ్యూ లోపలి స్థితి దేన్నీ ముట్టుకోదు. తనకిచ్చిన రెండు వ్యూలు తప్ప ఇంకేదీ చూడదు. ఏమీ మార్చదు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం తప్ప వేరే పని పెట్టుకోకపోవడం కోడ్‌లో చాలా మంచి గుణం. ఇలాంటిదాన్ని ఎక్కడైనా, ఎన్నిసార్లయినా నిర్భయంగా పిలవొచ్చు.

ఒక వ్యూకి ఒకే పేరెంట్ అన్న నియమం మీద ఇదంతా నిలబడింది. ఆ నియమాన్ని కాపాడటంలో ఐఫోన్, ఆండ్రాయిడ్ వ్యవస్థలు రెండు దారులు పట్టాయి. ఐఫోన్ వ్యూలకు ఆధారమైన యూఐకిట్‌లో ఒక వ్యూని కొత్త పేరెంట్‌కి చేరిస్తే, పాత పేరెంట్ నుంచి అదే తీసేసి కొత్త చోట పెడుతుంది. ఎవరికీ చెప్పదు. ఆండ్రాయిడ్ అలా ఊరుకోదు. ఇప్పటికే పేరెంట్ ఉన్న వ్యూని మళ్లీ చేర్చబోతే, దీనికి ముందే పేరెంట్ ఉంది, ముందు అక్కడ తీసేయ్ అని తప్పు చూపించి ఆగిపోతుంది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు ఈ మొండితనం విసుగు తెప్పిస్తుంది. నా ఓటు మాత్రం ఆండ్రాయిడ్‌కే. మౌనంగా జరిగిపోయిన మార్పు ఎక్కడో మరో తెరలో ఒక బొమ్మ మాయమైనప్పుడు గానీ బయటపడదు. తప్పు జరిగిన వరుసలోనే ఆగితే దిద్దుకోవడం తేలిక.

ఎంత లోతునైనా కాదు, ఒక వ్యూ నేరుగా తన పిల్లేనా అని మాత్రమే తెలుసుకోవాలంటే ఆండ్రాయిడ్ వ్యూగ్రూప్‌లో ఇండెక్స్‌ఆఫ్‌చైల్డ్ ఉంది. పిల్ల వ్యూల్ని ఒక వరుసలో దాచుకుంటుంది వ్యూగ్రూప్. ఆ వరుస మొదట 12 గడులతో మొదలై, చాలకపోతే 12 చొప్పున పెరుగుతుంది. ఇండెక్స్‌ఆఫ్‌చైల్డ్ వాటిని మొదటినుంచి చూసుకుంటూ పోయి, దొరికితే స్థానం చెప్తుంది, లేకపోతే -1 అంటుంది. మనవళ్ల సంగతి దానికి తెలియదు.

ఇంకో మెలిక కూడా ఉంది. పేరెంట్ ఉన్నంత మాత్రాన వ్యూ తెర మీద ఉన్నట్టు కాదు. ఒక పెద్ద కొమ్మనంతా విడిగా తయారుచేసి ఇంకా విండోకి తగిలించకపోవచ్చు. అందులోని ప్రతి వ్యూకీ పేరెంట్ ఉంటుంది, కానీ ఒక్కటీ కనిపించదు. దీనికోసం ఆండ్రాయిడ్ 2013లో కిట్‌క్యాట్ వెర్షన్‌తో ఇజ్‌అటాచ్డ్‌టువిండో అనే ప్రశ్నను అందరికీ తెరిచింది. ఇందులో ఎక్కడం కూడా లేదు. కొమ్మని విండోకి తగిలించినప్పుడు ప్రతి వ్యూ చేతిలోనూ ఒక సమాచారపు కట్ట పెడతారు, విడదీసినప్పుడు వెనక్కి తీసుకుంటారు. కట్ట ఉందా లేదా చూడటమే జవాబు. ఐఫోన్‌లో వ్యూ విండో గుణం నిల్ అవునా కాదా అని చూస్తారు. అక్కడ యాప్ రాసినవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు కనిపించే హెచ్చరిక ఒకటుంది: మీరు చూపించబోతున్నది, విండో హైరార్కీలో లేని వ్యూ మీద అని. వ్యూడిడ్‌లోడ్ దశలోనే కొత్త తెర తెరవబోతే ఆ మాట వస్తుంది. అప్పటికి వ్యూ తయారైంది గానీ విండోలోకి చేరలేదు. వ్యూడిడ్‌అపియర్ దాకా ఆగితే సరిపోతుంది.

చెట్టులో ఉందా అన్న పరీక్ష ఏదైనా చెప్పేది ఈ వస్తువే ఉందా అని మాత్రమే. ఇలాంటిది ఇంకోటి ఉందా అన్నది దానికి పట్టదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. నెట్ సరిగ్గా అందని చోట యాప్ సర్వర్‌ని మళ్లీ మళ్లీ అడుగుతుంది. అడిగినప్పుడల్లా "దయచేసి ఆగండి" అనే కొత్త తెర తయారుచేసి పైన వేస్తే, ఆ కొత్తది చెట్టులో ఉందా అన్న ప్రశ్నకు ప్రతిసారీ లేదనే జవాబొస్తుంది. ఎందుకంటే అది నిజంగానే కొత్తది. ఒకదాని మీద ఒకటి మూడు పడతాయి, సమాధానం రాగానే ఒకటే పోతుంది, మిగతా రెండూ తెరని కమ్మేసి ఉంటాయి. జాబితా వరుసల్లోనూ ఇదే తంతు. పైకి జరిగిపోయిన వరుసనే కింద మళ్లీ వాడుకుంటారు కాబట్టి, చూపించినప్పుడల్లా కొత్త గుర్తు అతికిస్తే అవి పోగుపడతాయి. మందు ఒకటే. వ్యూని ఒక్కసారే తయారుచేసి చేతిలో పట్టుకోవాలి, ఆ తర్వాత దాని గురించే అడగాలి.

వ్యూల్ని చెట్టులా పేర్చే ఈ ఆలోచన ఫోన్లతో పుట్టింది కాదు. స్టీవ్ జాబ్స్ నెలకొల్పిన నెక్స్ట్ కంపెనీ 1989లో తెచ్చిన నెక్స్ట్‌స్టెప్‌లోనే వ్యూల చెట్టు ఉంది. ఆ కంపెనీని ఆపిల్ కొన్నాక అది మ్యాక్‌లోకి, 2008లో ఐఫోన్ డెవలపర్ల చేతికొచ్చిన యూఐకిట్‌లోకి నడిచొచ్చింది. ఇప్పుడు కొత్తవాళ్లు నేరుగా వ్యూల్ని పట్టుకోని పద్ధతులు నేర్చుకుంటున్నారు. ఐఫోన్ వైపు 2019లో స్విఫ్ట్‌యూఐ, ఆండ్రాయిడ్ వైపు 2021లో జెట్‌ప్యాక్ కంపోజ్ వచ్చాయి. తెర ఎలా ఉండాలో చెప్తే చాలు, చేర్చడం తీసేయడం వ్యవస్థే చూసుకుంటుంది. అయినా ప్రశ్న పోలేదు. ఇదే బాటలోని ఫ్లట్టర్‌లో సర్వర్ జవాబు కోసం ఆగి వచ్చాక, తెర ఇంకా ఉందో లేదో మౌంటెడ్ అనే గుణాన్ని చూసే ముందుకెళ్లాలి. రాసిపెట్టుకున్న క్షణానికీ వాడుకునే క్షణానికీ మధ్య ప్రపంచం మారిపోవచ్చన్న ఎరుక, స్క్రోల్‌వ్యూ చీటీలో ఉన్నదే, ఇక్కడా ఉంది.

నా దృష్టిలో ఈ మూడు వాక్యాల గొప్పతనం వాటి ముందే జరిగిన పనిలో ఉంది. ఒక వ్యూకి ఒకే పేరెంట్ అని ముందు గట్టిగా నియమం పెట్టుకున్నారు కాబట్టే తర్వాత ప్రశ్న ఇంత చిన్నదైంది. నియమం వదులుగా ఉన్న చోట ఎన్ని వందల వరుసల పరీక్షలు రాసినా నమ్మకం కుదరదు.

ఆండ్రాయిడ్ సోర్స్ అందరికీ తెరిచే ఉంది, చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆంధ్రా యూనివర్సిటీలోనో గీతంలోనో గాజువాక కోచింగ్ సెంటర్‌లోనో యాప్ పని నేర్చుకుంటున్నవాళ్లు ఈ వారమే స్క్రోల్‌వ్యూ ఫైలు తెరవండి. ఇజ్‌వ్యూడిసెండెంట్‌ఆఫ్ ఎక్కడుందో వెతకండి, దాన్ని ఎవరు పిలుస్తున్నారో చూడండి. తర్వాత మీ యాప్‌లో తెరని మార్చే ప్రతి చోటా అదే ప్రశ్న అడిగారో లేదో సరిచూసుకోండి.